రెండున్నర మిల్లీమీటర్ల తేడా

మధ్యాహ్నం మూడు కావొస్తుండగా కుసుమకుమారి కౌంటర్ మీదున్న పాత ఇనుప గుండును తీసి తుక్కు డబ్బాలో వేయబోయింది. చేతికి గ్రీజు అంటుకుంటే పాతగుడ్డతో గుండును తుడిచింది. తుడుస్తుంటే అడుగున ఏవో అంకెలు వేలికి తగిలాయి. వెలుతురులోకి తిప్పి చూసింది. యాభై.

పొద్దున్న తను కొలిచినప్పుడు వచ్చింది నలభై ఏడున్నర.

గాజువాక ఆటోనగర్‌లో ట్రైలర్ల సామాను అమ్మే ఆ దుకాణంలో ఆమెది పద్నాలుగేళ్ల ఉద్యోగం. స్టీలు చుట్టలు మోసే పొడవాటి ట్రైలర్ నుంచి జీపు వెనక తగిలించుకునే జనరేటర్ బండి దాకా ఏది వచ్చినా ఇరుసు మందం ఎంత, చక్రానికి బోల్టులెన్ని, మూతి ఏ రకం అని అడిగి, అది ఎవరి తయారీయో, దానికి ఏది సరిపోతుందో చెప్పేసేది. యజమాని తాతబాబుకే అనుమానమొస్తే ఆమెను అడిగేవాడు. కుసుమ చెప్పిందంటే కొలిచి చూడక్కర్లేదని ఆటోనగర్‌లో పేరు. ఆ పేరంటే ఆమెకు లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ గుండును పొద్దున్న ఫ్రాన్సిస్ అనే అతను తెచ్చాడు. జీపు వెనక బిగించే గుండు అది. ట్రైలర్ మూతికి ఉండే ఇనుప కప్పు దాని మీద బోర్లించినట్టు కూర్చుంటుంది. అలాంటిదే కొత్తది కావాలన్నాడు. కప్పు మీద సైజు అచ్చు వేసి ఉంటుంది, ఫొటో ఏమైనా ఉందా అని ఆమె అడిగింది.

"నేదక్కా, రంగు మీద రంగు ఏసేసి ఏటీ కనపడదు. అయినా గుండు నీ ముందే ఉంది గదా. కొలిసి ఇచ్చీ, తొందరగా ఎల్లాల," అన్నాడు.

ఆమె కొలిచింది. నలభై ఏడున్నర మిల్లీమీటర్లు. షాపులో రెండు సైజులుంటాయి, నలభై ఏడున్నర, యాభై. చిన్నది తీసి ఇచ్చేసింది. పాతది కౌంటర్ మీదే వదిలేసి అతను కొత్తది పట్టుకుపోయాడు.

ఇప్పుడు మళ్లీ కొలబద్ద తెచ్చి, గుండును పక్కకు తిప్పి కొలిచింది. యాభైకి వెంట్రుకవాసి తక్కువ. మొదటిసారి కొలిచినవైపు కొలిస్తే మళ్లీ నలభై ఏడున్నర. ఏళ్ల తరబడి ముందుకీ వెనక్కీ రాసుకుని గుండు ఒకవైపు అరిగిపోయింది. అరిగిందనే కదా అతను మార్చడానికి తెచ్చాడు! అరిగిన దాన్ని అరిగినవైపే కొలిచి, అదే సైజనుకుని చిన్న గుండు ఇచ్చింది. యాభై కప్పులో అది కూర్చుంటుంది. గొళ్లెం కూడా పడుతుంది. చూసేవాడికి అంతా బాగానే ఉంటుంది. ఎక్కడో ఒక గతుకులో కప్పు పైకి లేచి వదిలేస్తుంది.

బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేసింది. ఒక ఆడమనిషి ఎత్తింది, ఫ్రాన్సిస్ భార్య రోజలిన్.

"ఆయన ఫోన్ ఇంట్లోనే ఒగ్గీసి ఎల్లిపోనారండి. ఇయాల మాత పండగ. సింధియా దాటాక కొండ మీద మా సర్చి ఉంది, అక్కడికి ఊరేగింపు. జనరేటర్ బండి మా ఆయనదే."

"ఎప్పుడు బయల్దేరతారమ్మా?"

"మూడున్నరకి. మా పాప కూడా ఎల్లింది. పిల్లలు బండి ఎనకాలే పూలు జల్లుకుంటా నడుస్తారు గదా..."

ఆ కొండదారి కుసుమకుమారికి తెలుసు. మొదటి మలుపు దాటాక నిలువునా ఎక్కుతుంది. పొద్దుటినుంచి వాన పడుతోంది.

"ఆ బండి కదలకుండా ఆపించమ్మా. అక్కడున్న ఎవరికైనా ఫోన్ చెయ్యి. నాను వస్తన్నాను," అంది.

"బాజాల్లో ఎవలూ ఎత్తరండి. ఏటైనాది? ఏటైనాదో సెప్పండి!"

"బండి ఊడిపోవచ్చు," అని చెప్పి ఫోన్ పెట్టేసింది. అవతల రోజలిన్ వేసిన కేక మాత్రం చెవిలో ఉండిపోయింది.

దుకాణం వెనక రేకుల షెడ్డులో నాగబాబు ఇరుసుకు గ్రీజు పెడుతున్నాడు. యాభై దాటిన మెకానిక్. ఎనిమిదేళ్ల కిందట ఇదే పెరట్లో ఒక ఖాళీ ట్రైలర్ నాలుగడుగులు దొర్లి అతని కుడిపాదం మీంచి పోయింది. రెండు వేళ్లు పోయాయి. అప్పటినుంచి కాస్త కుంటుతాడు. ఆమె రెండు ముక్కల్లో చెప్పేసరికి అతని ముఖంలో రంగు మారింది. పెద్ద స్పానరు, జాకీ, టైరుకు అడ్డుపెట్టే రబ్బరు దిమ్మలు రెండు గోనెసంచిలో వేసుకున్నాడు. ఆమె అరలోంచి యాభై గుండు తీసింది. తీసి, అచ్చు చూసింది. మళ్లీ చూసింది.

"సాలు, పదమ్మా," అన్నాడు నాగబాబు.

స్కూటీ మీద ఇద్దరూ బయల్దేరారు. శ్రీహరిపురం దగ్గర లారీలు బారుగా నిలిచిపోయి ఉన్నాయి. వాటి పక్కనుంచి బురదలో పోనిచ్చింది. ముందు వెళ్తున్న ప్రతి ట్రైలర్ మూతివైపూ కళ్లు పోతున్నాయి. ఇవన్నీ ఎవరు అమ్మినవో, ఎవరు కొలిచినవో.

"బాబాయ్, గొలుసు ఉంటాది గదా? ఊడినా గొలుసు పట్టుకుంటాది గదా?" అని వెనక్కి అరిచింది.

"ఉంటే పట్టుకుంటాది," అన్నాడు నాగబాబు.

మల్కాపురం దాటేసరికి మూడూ నలభై. కొండ మొదలుకు చేరేసరికి జనం కనబడలేదు. తడిసిన రోడ్డు మీద బంతిపూల రేకులు, పైనుంచి పాట, బాజాలు. ఊరేగింపు అప్పటికే ఎక్కుతోంది. స్కూటీని అక్కడే పడేసి ఆమె పరుగెత్తింది. నాగబాబు సంచి భుజానవేసుకుని కుంటుకుంటూ వెనక వచ్చాడు.

మొదటి మలుపు తిరగ్గానే అంతా కనిపించింది. అందరికంటే ముందు తెల్ల జీపు. దాని వెనక జనరేటర్ బండి, రెండు చక్రాలది, గడగడమంటూ పొగ వదులుతోంది. దాని వెనక నాలుగడుగుల దూరంలో తెల్ల గౌన్లు వేసుకున్న ఆడపిల్లలు, పాతిక మంది ఉంటారు, బుట్టల్లోంచి రేకులు చల్లుతున్నారు. వాళ్ల వెనక భుజాల మీద మాత విగ్రహం, ఆ వెనక జనమే జనం. జనం పక్కనుంచి ఆమె పిల్లల దాకా పరుగెత్తింది. గతుకు వచ్చినప్పుడల్లా ట్రైలర్ మూతి టక్కుమంటోంది. బాజాల మధ్య ఆ చప్పుడు ఇంకెవరికీ వినిపించదు. ఆమెకు అదొక్కటే వినిపిస్తోంది.

బండినీ జీపునీ కలిపే గొలుసు ఉంది. కానీ కొక్కెం విరిగిపోతే దాన్ని సన్నటి తీగతో కట్టేశారు.

ఆపండి అని అరవబోయి నోరు నొక్కుకుంది. అరిస్తే అతను బ్రేకు తొక్కుతాడు. ఏటవాలులో ఆ కుదుపు చాలు. ఈ జనంలో గొడవ లేస్తే పిల్లలు ఎటు పరుగెడతారో తెలియదు. ముందు పిల్లలు పక్కకు పోవాలి.

పిల్లల పక్కన ఒక పెద్దావిడ మైకు పట్టుకుని పాట అందిస్తోంది. కుసుమకుమారి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఆ బండి ఊడిపోద్ది. పిల్లల్ని పక్కకు తీసీయాల. అరవకండి. ఆళ్లు జడుసుకుంటారు."

ఆవిడ పేరు ఆరోగ్యమ్మ అనీ, ఫ్రాన్సిస్ తల్లి అనీ తర్వాత తెలిసింది. ఆవిడ కుసుమకుమారి ముఖంలోకి చూసింది, బండివైపు చూసింది. ఎవరు నువ్వని అడగలేదు. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"పిల్లలూ, ఇక్కణ్నుంచి మనం మెట్ల దారిన ఎక్కుదుము. పాట ఆపకండి. నా ఎనకాలే రండి. మాతను మోసేవోళ్లు అక్కడే నిలబడండి నాయనా, పిల్లలు పోనీండి."

ఎడమవైపు కొండరాళ్లలో మెట్లున్నాయి. తెల్ల గౌన్లు ఒకదాని వెనక ఒకటి అటు తిరిగాయి. ఒక చిన్నపిల్ల మాత్రం రోడ్డు మీద పడిన రేకులు ఏరుకుంటూ చక్రం వెనకే కూర్చుండిపోయింది. కుసుమకుమారి ఆ పిల్లను ఒక్క చేత్తో ఎత్తి మెట్ల మీద దించింది. కింద విగ్రహం ఆగింది, జనం ఆగారు. బండికీ వాళ్లకూ మధ్య ముప్పై గజాల ఖాళీ రోడ్డు ఏర్పడింది.

నాగబాబు వచ్చాడు. ఒక దిమ్మ ఆమెకిచ్చి, రెండోది తీసుకుని కుడి చక్రం పక్కన నడవసాగాడు. ఆమె ముందుకు పరుగెత్తి జీపు కిటికీ పట్టుకుంది.

"ఫ్రాన్సిస్, నాను, షాపు కుసుమని. గట్టిగా బ్రేకు తొక్కకు. మెల్లగా ఆపి అలాగే పట్టుకో. గుండు తప్పు ఇచ్చీసేను."

అతను ఆమెను చూశాడు, అద్దంలో వెనక్కి చూశాడు. పిల్లలు కనబడక అతని కళ్లు పెద్దవయ్యాయి.

"నా పిల్ల ఏదీ?"

"మెట్ల మీద ఉంది. మెల్లగా..."

జీపు నెమ్మదిస్తుండగా ఆమె వెనక్కి వచ్చి ఎడమ చక్రం వెనక దిమ్మ పెట్టింది. జీపు ఆగింది. ఒక్క క్షణం అంతా నిలిచింది. అంతలో తడి రోడ్డు మీద జీపు జానెడు వెనక్కి జారింది, బ్రేకు పడి ముందుకు ఊగింది. ఆ ఊపుకు కప్పు గుండును వదిలేసి పైకి లేచింది. తీగ పుటుక్కున తెగింది.

కుడి చక్రం నాగబాబు దిమ్మ మీద ఆగింది. ఎడమవైపు దిమ్మ బురదలో జారింది. జారుతున్న దిమ్మను రెండు చేతులతో నెడుతూ ఆమె మోకాళ్ల మీద ఉంది. టైరు ఆమె వైపే వస్తోంది. చున్నీ కొస టైరు కింద పడి మెడకు బిగుసుకుంది. ఊపిరి ఆగిపోయింది. నాగబాబు ఎప్పుడు వచ్చాడో, చున్నీని పిన్ను దగ్గర సర్రున చింపి ఆమెను పక్కకు లాగాడు. బండి అడ్డంగా తిరిగి, తోక రోడ్డు పక్కన రాతిగోడకు కొట్టుకుని ఆగిపోయింది. మూతి తారులోకి దిగబడింది. జనరేటర్ ఇంకా గడగడమంటూనే ఉంది. పైనుంచి పిల్లల పాట వస్తూనే ఉంది.

ఫ్రాన్సిస్ జీపు దిగి వచ్చాడు. బండి తిరిగిన చోట, రేకులు పడి ఉన్న రోడ్డు చూశాడు. చూసి, అక్కడే కూలబడ్డాడు.

"కొలిసే ఇచ్చేవు గదా?" అన్నాడు.

"అరిగినవైపు కొలిసేను. అడుగున సైజు ఉంటాది, సూడనేదు. తప్పు నాదే."

"నా పిల్ల దాని ఎనకాలే ఉందమ్మా! పాతిక మంది పిల్లలు!" అతను లేచి నిలబడి అరిచాడు. "నీ మాట మీద నమ్మకంతో బిగించేను! ఊరంతా నిన్నే సెప్తారు గదా!"

"ఇక్కడిదాకా పరిగెట్టుకొచ్చింది బాబూ..." అని నాగబాబు ఏదో చెప్పబోతే ఆమె చెయ్యెత్తి ఆపింది. ఫ్రాన్సిస్ అనేదంతా నిలబడి విన్నది.

కోపం కాస్త దిగాక అతనే అన్నాడు. "కొక్కెం ఇరిగి నెలైంది. తీగ కట్టి తిప్పతన్నాను." అని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

మోసేవాళ్లలో నలుగురు వచ్చి బండిని నిలబెట్టారు. నాగబాబు చిన్న గుండు విప్పి యాభైది బిగించాడు. కప్పు దాని మీద కూర్చోబెట్టి గొళ్లెం వేశాక, ఆమె జాకీని ట్రైలర్ మూతి కింద పెట్టించింది.

"ఎత్తు బాబాయ్. ఫ్రాన్సిస్, నువ్వు సూడు."

జాకీ ఎత్తుతుంటే ట్రైలర్ మూతితోపాటు జీపు వెనకభాగం కూడా పైకి లేచింది. "సరైన గుండైతే ఇలాగ జీపుని పట్టుకుని లేస్తాది. తప్పుదైతే కప్పొక్కటే ఊడొస్తాది. ఎవలు ఇచ్చినా, నాను ఇచ్చినా, ఇలాగ ఎత్తి సూసుకోకుండా కదలకు," అంది.

అతను తల ఊపాడు. జాకీ దింపాక తనే మళ్లీ ఒకసారి ఎత్తించి చూశాడు. గొలుసుకు గట్టి కొక్కెం దొరికేదాకా బండి కదలదని, ఖాళీ జీపు ఒక్కటే పైకి తీసుకెళ్లాడు. కొండ మీద ఆ సాయంత్రం మైకు లేకుండానే ప్రార్థన జరిగింది. ఆరోగ్యమ్మ మనిషిని పంపి కుసుమకుమారిని పైకి రమ్మంది. ఆమె వెళ్లలేకపోయింది. ఆ రాతిగోడ మీద కూర్చుని, అరచేతుల్లో చర్మం లేచిపోయిన చోట చూసుకుంటూ ఉండిపోయి, చీకటి పడకముందే నాగబాబు ఎక్కించిన ఆటోలో ఇల్లు చేరింది.

మర్నాడు తాతబాబుకు జరిగిందంతా తనే చెప్పింది. ఆయన తిడతాడనుకుంది. ఆయన బిల్లు పుస్తకం ముందుకు జరిపి, "సిన్న గుండ్లు ఇంకా ఎవలికిచ్చేవు?" అని మాత్రం అడిగాడు.

రాత్రంతా ఆమెకు నిద్రపట్టనివ్వని ప్రశ్న అదే. బిల్లుల నకళ్లు ముందేసుకుని ఈ ఏడాది నలభై ఏడున్నర కొన్నవాళ్ల నంబర్లు ఏరింది. ఫ్రాన్సిస్ కాక పదకొండు. ఒక్కొక్కరికీ చేసింది. కప్పు మీద అచ్చు చదివించింది, జాకీతో ఎత్తించింది. మధ్యాహ్నానికి పది సరిగ్గా ఉన్నాయని తేలింది. ప్రతిసారీ అవతలివాళ్లు చూసి చెప్పేదాకా చెవికి ఫోన్ అంటుకుపోయేంత గట్టిగా పట్టుకుంది.

పదకొండోది ఆనందపురం దగ్గర నీళ్ల ట్యాంకు తిప్పే ఎల్లారావుది. నాలుగుసార్లు చేస్తేగాని ఎత్తలేదు.

"బానే తిరుగుతంది కదమ్మా. ఇప్పుడే బడికాడ నీళ్లు పోసొచ్చేను."

"కప్పు మీద రంగు గోకి అంకె సదువు. నాను లైన్లోనే ఉంటాను."

అవతల అతను దిగిన చప్పుడు, ఇనుము మీద ఏదో గీకుతున్న చప్పుడు. కుసుమకుమారి కళ్లు మూసుకుంది.

"యాభై అని ఉందమ్మా," అన్నాడు ఎల్లారావు.

"ఎల్లారావూ, బండి కదపకు," అంది ఆమె. అప్పటికే ఒక చేత్తో అరలోంచి యాభై గుండు తీస్తోంది. "ఎవలు రమ్మన్నా కదపకు. గంటలో అక్కడుంటాను."