ఏడు రోజుల కరెంటు రందా

అట్టడబ్బా చిరగకూడదని వినోద్ మూడుసార్లు చెప్పాడు. వస్తువు నచ్చకపోతే ఏడు రోజుల్లో వాపసు తీసుకుంటారట, డబ్బా మాత్రం వచ్చింది వచ్చినట్టే ఉండాలట. అతని తల్లి మంగ దాన్ని ఎలుకలకు అందకుండా దేవుడి పటాల పైఅరలో పెట్టింది. అందులోంచి బయటికొచ్చిన, చెక్క చిత్రిక పట్టే కరెంటు రందా వాళ్లు వలసొచ్చి ఉంటున్న గోడాదరా బస్తీలోని ఆ రెండు గదుల ఇంట్లో నట్టనడుమ చాప మీద కూర్చుంది. దానికి ఎదురుగా మంగ భర్త బ్రహ్మచారి గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. పిల్లను చూడ్డానికి వచ్చిన పెద్దమనిషిలాగే ముఖం పెట్టాడు గానీ, పాపం, ఆయనకు అప్పుడే అలసటగా ఉంది.

“ఏక్‌దమ్ హల్కా ఉన్నది బాపు,” అన్నాడు కొడుకు వినోద్. “ఒక్క చేత్తోని నడుస్తది. జర పట్టి చూడు.”

“ఒక్క చేత్తోని నడిస్తే అది రందా ఎట్లయితదిరా? ఇస్త్రీపెట్టె అయితది,” అన్నాడు బ్రహ్మచారి. అయినా పట్టుకుని చూశాడు.

మాటలో వెటకారం ఉంది గానీ బలం లేదు. ఏప్రిల్ నెలలో, కరోనా రెండోసారి వచ్చి బస్తీలకు బస్తీలే ఊడ్చుకుపోతున్నప్పుడు, ఆయన పదహారు రోజులు ఆస్పత్రిలో ముక్కుకు గొట్టం పెట్టుకుని పడుకున్నాడు. బతికి ఇంటికొచ్చాడు. రావడమైతే వచ్చాడు గానీ సగం ఊపిరి అక్కడే వదిలేసి వచ్చాడు. నలభై ఏళ్లు ఊరివాళ్ల తలుపులకూ కిటికీలకూ చిత్రిక పట్టిన వడ్రంగి, ఇప్పుడు శ్రావణం వచ్చినా, తండ్రి నాటి చెక్క రందా పట్టుకుని నాలుగు తోపులు తోస్తే ఐదో తోపుకు కూలబడుతున్నాడు. డాక్టరు టైం పడుతుందన్నాడు. ఎంత టైమో ఆయనా చెప్పలేదు, ఈయనా అడగలేదు.

ఈలోపు వినోద్ ఊరుకోలేదు. రింగ్ రోడ్‌లో తాను చీరల పార్సిళ్లు కట్టే మార్కెట్‌కు చౌకీదారు కావాలంటే తండ్రి పేరు చెప్పి వచ్చాడు. ఆదివారం సాయంత్రంలోగా అవునో కాదో తేల్చి చెప్పాలి. గేటు దగ్గర కుర్చీ వేస్తారు, నీలం చొక్కా ఇస్తారు, మెడలో వేసుకోవడానికి సీటీ, అదే ఈల, ఇస్తారు. “కూసుండే పని బాపు,” అన్నాడు. ఇంటికొచ్చిన ప్రతివాడూ అదే మాట అన్నాడు, కూర్చోవడం ఏదో వరమైనట్టు. బ్రహ్మచారికి ఆ మాట వింటే ఒళ్లు మండేది. నాలుగు నెలల నుంచి ఆయన చేస్తున్నది కూర్చోవడమే కదా. ఆ మంటలోనే ఒకరోజు కొడుకు ఫోన్లో ఈ రందా బొమ్మ చూసి, “తెప్పియ్యి, చూద్దాం,” అనేశాడు. ఈ మిషన్ తన ఊపిరికి బదులు పనిచేస్తే తాను వడ్లవాడిగా మిగులుతాడు. చెయ్యకపోతే ఒకటో తారీఖు నుంచి, ఉన్న ఆ కాస్త ఊపిరితో సీటీ ఊదాలి. అంతే సంగతి.

మొదటిరోజు వరండాలో టేకు పలక ఒకటి పరిచి పరీక్ష మొదలుపెట్టాడు. ఆడపడుచు కూడా కొత్త కోడలికి అన్ని వంకలు పెట్టదు. వైరు పొట్టిదన్నాడు. చప్పుడుకు పక్కింటి పసిపిల్ల లేచి ఏడుస్తోందన్నాడు. పొట్టు చుట్టలు చుట్టలుగా రావాల్సింది పోయి నలిగి తునకలుగా వస్తోందన్నాడు. మూతికి మాస్కు, మాస్కు మీద తువ్వాలు కట్టుకున్నా దగ్గు వచ్చింది. మొదట్లో ముందుభాగం మీద, చివరికి వచ్చేసరికి వెనకభాగం మీద బరువు వెయ్యకపోతే పలక కొసన గుంట పడుతోంది. ఆ కిటుకు మాత్రం ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, చెయ్యి దానంతట అదే సర్దుకుంది. తప్పులు ఎంచీ ఎంచీ, చివరికి కళ్లు మూసుకుని, పలక మీద అరచెయ్యి ఆనించి ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

“ఎట్లున్నది?” అని గడపలోంచి మంగ అడిగింది.

“దీనమ్మ, మంచిగనే కోస్తాంది,” అన్నాడు. నాలుగు నెలల తర్వాత తన చేతి కింద ఒక పలక నునుపు తేలింది. ఆయాసం రాలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి దగ్గువల్ల వచ్చినవే అనుకోమన్నట్టు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

చిక్కు మరోచోట వచ్చింది. చెక్క రందాకు నడినెత్తిన నోరుంటుంది. తోస్తున్నకొద్దీ పొట్టు అందులో ఇరుక్కుంటుంది. వడ్లవాడు రెండు మూడు తోపులకొకసారి చూపుడువేలు ఆ నోట్లో పెట్టి పొట్టు లాగి పారేస్తాడు. ఇది ఎవరూ నేర్పరు, చేస్తున్నానని చేసేవాడికీ తెలియదు. బ్రహ్మచారి వేలు నలభై ఏళ్లు అదే పని చేసింది. ఈ కరెంటు రందాకేమో నోరు పక్కన ఉంది, ఆ నోటి లోపలే బ్లేడు గిర్రున తిరుగుతుంది, స్విచ్చి వదిలినా వెంటనే ఆగి చావదు. మూడో పట్టు అయి స్విచ్చి వదిలాక, బ్రహ్మచారి వేలు తన దారిన తాను నోరు వెతుక్కుంటూ పోయింది. లోపలి గాలి గోటికి తగిలి జిల్లుమన్నాక గానీ ఆయనకు తెలియలేదు. చటుక్కున లాక్కున్నాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు.

మంగ చూసింది. ఆమె ముప్పై ఏళ్లుగా ఆ బస్తీలో మగ్గాలవాళ్లకు కండెలు చుట్టే మిషన్ మీద పనిచేస్తున్న మనిషి. దారం తెగినా సరే, కదురు నిలిచేదాకా చెయ్యి పెట్టకూడదన్న బుద్ధి ఆమె చేతికి మొదటి ఏడాదే వచ్చింది. మళ్లీ ఆయన స్విచ్చి వదిలినప్పుడు పెదవుల మీదే లెక్కపెట్టుకుంది.

“పన్నెండు లెక్కవెట్టేదాక తిరుగుతాంది,” అంది అన్నం వడ్డిస్తూ. “పన్నెండు. యాదివెట్టుకో.”

“నాకు తెల్వదా?”

“నీకు తెలుసు. నీ ఏలికి తెల్వదు.”

బ్రహ్మచారికి కోపం వచ్చింది. వచ్చినా లాభం లేదు, ఆమె చెప్పింది నిజం. అందుకని మర్నాడు చూపుడువేలునీ నడిమివేలునీ కలిపి గుడ్డపీలికతో కట్టుకున్నాడు. స్విచ్చి వదలగానే కుడిచెయ్యి నడుం వెనక్కి పెట్టుకుని, దెబ్బలకు భయపడే బడిపిల్లాడిలా నిలబడేవాడు. పైకే పన్నెండు లెక్కపెట్టేవాడు. రెండోరోజు వేలు రెండుసార్లు ఎగిరింది. మూడోరోజు ఒకసారి. ఐదోరోజు కదల్లేదు. ఆ పూట ఆయన ముఖంలో వెలుగు చూసి మంగ చీపురు పట్టుకుని వచ్చి, ఊడవడానికి అడ్డంగా ఉందని మిషన్ ఎత్తబోయింది.

“దాన్ని ముట్టకు,” అన్నాడు.

ఆ ఇంట్లో పనిముట్లను ఆడవాళ్లు తాకరు. దసరానాడు పసుపు, కుంకుమ పెట్టేది కూడా మగవాళ్లే. అది ఆయన తండ్రి పెట్టిన కట్టుబాటు. డబ్బాలో వచ్చిన మిషన్‌కు అది వర్తిస్తుందా లేదా అని బ్రహ్మచారి ఆలోచించలేదు. మంగ దాని చుట్టూ ఊడ్చుకుని వెళ్లిపోయింది.

ఆరోరోజు దశరథానికి ఫోన్ చేశాడు. దశరథం అమ్రోలిలో ఉండే నేతగాడు, సొంతూరివాడే. వానలకు ఉబ్బి అతని ఇంట్లో ఐదు తలుపులు పడటంలేదు. వేరేవాళ్లను పిలవకుండా బ్రహ్మచారి లేచి తిరిగేదాకా ఆగాడు. “ఆదివారం వస్త,” అన్నాడు బ్రహ్మచారి. అదే ఏడోరోజు.

ఆదివారం పొద్దున ముగ్గురూ ఆటోలో తాపీ నది దాటి అమ్రోలి వెళ్లారు. వినోద్ మిషన్‌ను డబ్బాలోనే పెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. నచ్చకపోతే అటునుంచి అటే ఇచ్చేసి వద్దామని అతని లెక్క. దశరథం వాళ్లుండే అంతస్తు రెండోదే అయినా బ్రహ్మచారి మెట్ల మీద మూడుచోట్ల ఆగాడు. దశరథం తన మాస్కు కిందికి లాగి నవ్వి, మళ్లీ గుర్తొచ్చి పైకి లాక్కున్నాడు.

వినోదూ దశరథమూ కలిసి మొదటి తలుపు ఊడదీసి అడ్డంగా నిలబెట్టి పట్టుకున్నారు. బ్రహ్మచారి లోతు సరిచేసుకుని నాలుగు పట్లు పట్టాడు. ప్రతి పట్టుకూ పన్నెండు లెక్కపెట్టాడు. తలుపు తిరిగి బిగించి తోస్తే మెత్తగా వెళ్లి చౌకట్లో కూర్చుంది.

“అన్నా, గీ ఒక్కదానికే పూటంత పడతదనుకున్న,” అన్నాడు దశరథం.

“చాల్సే బాపు, చాల్సే,” పనికొస్తుందని గుజరాతీలో మెచ్చుకున్నాడు వినోద్. బ్రహ్మచారి మంగ వైపు ఒకసారి చూశాడు. చూశావా అన్నట్టే ఉంది ఆ చూపు.

రెండోది స్నానాల గది తలుపు. అడుగంతా నీళ్లు తాగి ఉంది. తడిపొట్టు బయటికి పడకుండా మిషన్ నోటికి అంటుకుపోయింది. మోటారు మూలిగింది. బ్రహ్మచారి స్విచ్చి వదిలాడు. ఆ సమయానికే దశరథం, పక్కవీధి మగ్గాల కారఖానాలో కరోనాకు పోయినవాళ్ల పేర్లు చెబుతున్నాడు.

“లస్మయ్య పోయిండు. ఎరికేనా?”

“ఏ లస్మయ్య? ఐలమ్మ మొగడా?” అని అడుగుతూ తల ఎత్తాడు బ్రహ్మచారి. లస్మయ్య మంచం ఆయన చేసిచ్చిందే. ఆ మంచం గుర్తొచ్చింది, దాని కోళ్లు గుర్తొచ్చాయి. ఆ ఆలోచనలో లెక్క మర్చిపోయాడు. వేలు మర్చిపోలేదు. నలభై ఏళ్ల నమ్మకంతో తిన్నగా నోట్లోకి పోయింది.

టక్‌మని చిన్న చప్పుడు. అంతే. తలుపు అంచు మీద ఎర్రగా చినుకులు పడ్డాయి. సగం గోరూ, గోరు కింద కాస్త కండా పోయాయి. దశరథం గుమ్మంలో ఉన్న శానిటైజర్ సీసా తెచ్చి పోస్తే బ్రహ్మచారి పళ్లు బిగించి కళ్లు మూసుకున్నాడు. మంగ పాతగుడ్డ చించి కట్టు కట్టింది. ఆమె ముఖం పాలిపోయింది.

“మిషన్ల ఏ ఐబు, ఏ లోపం లేదు,” అన్నాడు చివరికి బ్రహ్మచారి. నేల మీద కూర్చుని, గోడకు తల ఆనించాడు. “ఏడు దినాలు దాన్ని పరీక్ష చేసిన. ఐబు నాల్నే ఉన్నది. వినోదూ, డబ్బల పెట్టెయ్యి. మార్కెట్ మేనేజర్‌కు ఫోన్ చెయ్యి. వస్త అని చెప్పు.”

ఆ మాట అన్నాక ఆయనకు ఏడుపు కూడా రాలేదు. ఇక ఏదీ తేల్చుకోనక్కర్లేదన్న నీరసం ఒకటే మిగిలింది. వినోద్ డబ్బా తెచ్చి పక్కన పెట్టాడు. ఫోన్ తీశాడు గానీ నంబరు నొక్కడానికి ఆలస్యం చేశాడు.

మంగ లేచింది. ముందు గోడలోంచి ప్లగ్గు పీకింది. మిషన్ ఒడిలోకి తీసుకుని, చీపురుపుల్లతో దాని నోట్లోని తడిపొట్టు కొద్దికొద్దిగా గీరి తీసింది. నెత్తురు కొంగుతో తుడిచింది. తర్వాత ప్లగ్గు పెట్టింది.

“ఎట్ల పట్టాలె, చెప్పు,” అంది.

“నువ్వా?”

“మరెవరు? గీ తలుపు గిట్లనే ఇడిసిపోతమా?”

“మా నాయిన ఉంటే…”

“మీ నాయిన రందా ముప్పై ఏండ్లల్ల నేనెన్నడన్న ముట్టిన్నా? ఇది మీ నాయినది గాదు. మొన్న డబ్బల వచ్చింది.” ఆమె గొంతు పెరగలేదు. “నీ ఏలు నేర్సుకున్నది ఇగ మర్వదు, నువ్వెంత కట్టుకున్నా. నా చెయ్యి అట్ల పోదు. నువ్వు చూసి చెప్పు, నేను తోస్త.”

బ్రహ్మచారి కాసేపు ఆమె వంక, కాసేపు కట్టు కట్టిన తన వేలి వంక చూశాడు. సిగ్గేసింది. ఆ సిగ్గు కింద ఎక్కడో ఆశ కూడా కదిలింది. గోడ పట్టుకుని లేచాడు.

“మొదట ముందట బరువెయ్యి,” అన్నాడు. “కొసకొచ్చినంక ఎనుకకు. గుంజకు, దాన్ని పోనియ్యి.”

మొదటి పట్టుకు కొసన గుంట పడింది. “అగో, ముందే చెప్పిన గద,” అని కసిరాడు. రెండో పట్టుకు తగ్గింది. మూడో పట్టు అయ్యాక ఎడమ అరచెయ్యి తలుపు అంచు మీద ఆనించి, కళ్లు మూసుకుని నడిపించాడు.

“ఈడ జర ఎత్తున్నది. ఇంకో పట్టు.”

మంగ ఇంకో పట్టు పట్టి స్విచ్చి వదిలింది. కట్టుతో ఉన్న బ్రహ్మచారి చెయ్యి, అంత దెబ్బ తిన్నాక కూడా, మెల్లగా లేచి మిషన్ వైపు వచ్చింది. మంగ మోచేత్తో దాన్ని పక్కకు నెట్టింది.

“ఆగు. ఎనిమిదే అయింది,” అంది.

ఇద్దరూ నిలబడి మిగతా నాలుగూ లెక్కపెట్టారు. ఇంతలో మేనేజరే ఫోన్ చేశాడు. వినోద్ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, “బాపు, లైన్ల ఉన్నడు. ఏం చెప్పాలె?” అన్నాడు.

బ్రహ్మచారి తలుపు కింది అంచు చూస్తున్నాడు. నేల బండలకు రాసుకుని అక్కడ గీరుకుపోతోంది. కింద ఏదైనా వెయ్యాలి. గోనెసంచి కోసం చుట్టూ చూశాడు, కనబడలేదు. అట్టడబ్బా కనబడింది. ఎడమచేత్తో దాన్ని లాక్కుని, మోకాలి కింద అదిమిపెట్టి, అతుకు దగ్గర పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి చించాడు. రెండు ముక్కలూ తలుపు కింద పరిచాడు. ఆయాసం వచ్చింది. ఆగి ఊపిరి పీల్చుకున్నాడు.

“ఇంకో పట్టు,” అన్నాడు మంగతో.

వినోద్ చిరిగిన డబ్బా వంక చూశాడు. ఫోన్ చెవికి ఆనించుకుని, మా బాపు రాడు సాబ్, పనిలో ఉన్నాడు అని హిందీలో చెప్పాడు.