సున్నా నంబరు ముక్క

మా మరదలు, అంటే మా ఆయన చెల్లెలు, వాళ్ళింట్లో గోడలకు రంగులేస్తున్నారని మంగళవారం నుంచి మా భోజనాల బల్ల మీదే ఉద్యోగం చేస్తోంది. మూత తీసిన కంప్యూటర్ ఒకటి స్టూలు మీద పెట్టింది. దాని కేబుల్ నడిచే దారిలో పడుంటే నేనే టేపు అంటించాను.

నెట్‌వర్క్ కార్డుకి డ్రైవర్ రాయడం ఆమె పని. కార్డుకీ కంప్యూటర్‌కీ మధ్య మాటలు నడిపే ప్రోగ్రామది. మూడేళ్ళ కష్టం. ఆ డ్రైవర్ ఉన్న యంత్రాలు రెండు మూడు రోజులు బాగానే నడిచి, ఆ తర్వాత బిగుసుకుపోతున్నాయి. శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా కారణం దొరక్కపోతే ఈసారి విడుదల చేసే సాఫ్ట్‌వేర్‌లోంచి దాన్ని తీసేస్తామని వాళ్ళ ఆఫీసు పెద్దాయన మెయిల్ పెట్టాడు. ఇవాళ శుక్రవారం. రెండు దాటింది.

"తప్పు మీసాలాయనదే వదినా," అంది. ఆయన ఆమెతో పనిచేసేవాడే. పోయిన నెల అదే ఫైల్లో చెయ్యి పెట్టాడు. "అందరికీ మెయిల్ కూడా పెట్టేశాను."

"దొరికాక పెట్టాల్సింది."

"మా అన్నయ్య నీతో ఎలా వేగుతున్నాడో."

"సాయంత్రం వస్తాడుగా, అడుగు. ముందు ఈ దుప్పటి కొస పట్టుకో, మడత పెట్టాలి."

పట్టుకుంది గాని చూపు తెర మీదే ఉంది.

"అక్కడ ఏం జరుగుతుందో పైకి చెప్పు," అన్నాను. "నాకు అర్థమవుతుందని కాదు. నీకు వినపడుతుందని."

"పంపాల్సిన సమాచారం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక్కో ముక్క మెమరీలో ఎక్కడుందో కార్డుకి చూపించి, చదువుకోమని అనుమతివ్వాలి. మ్యాప్ చెయ్యడం అంటాం. పనయ్యాక ఆ అనుమతి రద్దు చెయ్యాలి. చెయ్యకపోతే అవి పేరుకుపోయి, కొత్త ముక్కలకి చోటుండదు."

"మధ్యలో ఏదో ఒకదానికి చోటు దొరక్కపోతే?"

"ఎప్పుడో గాని అలా జరగదు. నాలుగో నంబరు ముక్కకి దొరకలేదనుకో, అంతకుముందు ఇచ్చినవన్నీ వెనకనుంచి రద్దు చేసుకుంటూ వస్తాం. మూడు, రెండు, ఒకటి. అంతే."

"సున్నా?"

"ఏం సున్నా?"

"పొద్దున నేను ఒకటో ముక్క మొదటిదంటే, మా దగ్గర మొదటిది సున్నా అని దిద్దావు కదా."

దుప్పటి కొస వదిలేసింది. నేల మీద పడినంత మేరా నేను దులుపుకోవాల్సి వచ్చింది.

ముక్క నంబరు సున్నా కన్నా పెద్దదైనంతవరకు రద్దు చెయ్యమని ఉందట అక్కడ. సున్నా కూడా కలపాలి. ఒక్క గుర్తు తేడా. కావాలని నాలుగో ముక్క దగ్గర పని చెడగొట్టి చూసింది. పాత డ్రైవర్‌లో చెడిన ప్రతిసారీ ఒక ముక్క మిగిలిపోతోంది. మార్చాక ఏదీ మిగల్లేదు. వెయ్యిసార్లు చెడగొట్టినా అంతే.

అప్పటికి మూడున్నర. కానీ ఆ సవరణ పంపకుండా కూర్చుంది.

"ఇంకేమిటి?"

"ఈ తప్పు ఏ మార్పుతో వచ్చిందో సవరణ కింద ఒక వరుస రాయాలి. మీసాలాయన ఆ కోడ్‌ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిపాడంతే. రాసింది నేను. రెండున్నరేళ్ళ కింద."

"ఆ వరుస తప్పనిసరా?"

"తప్పనిసరే."

"మరి రాయి."

రాసింది. "ఎవరు కనిపెట్టారో కూడా రాస్తాం. నీ పేరు పెట్టనా?"

"పెట్టేట్టయితే నా డిగ్రీ సర్టిఫికెట్లో ఉన్న ఇంటిపేరుతో పెట్టు. అక్షరాలు చూసుకో."

మీసాలాయనకి క్షమాపణ విడిగా రాసి, నాకు చదివి వినిపించింది. బాగానే ఉంది.

"నింద అందరికీ వెళ్ళింది కదా," అన్నాను.

ఆ మెయిల్‌కి మిగతావాళ్ళ చిరునామాలన్నీ చేర్చింది.

ఐదుకి పది నిమిషాలుండగా పెద్దాయన జవాబిచ్చాడు: తీసుకున్నాం. ఆ వెనకే మీసాలాయనది: "పర్లేదండీ. మీసం ఇప్పుడే దువ్వుకున్నాను."

ఆమె నవ్వలేదు. రెండోసారి చదివింది. "క్షమాపణ ఇంకాస్త వివరంగా రాయాల్సిందా వదినా?"

"సరిపోయింది. ఇటు రా, దుప్పటి పట్టుకో."