జరగని యుద్ధపు పేపరు

టీలా కాచుకుని తాగే మాతే ఆకు మరిగించిన నీళ్ళలో కాగితాన్ని ముంచి, మునివేళ్ళతో పైకెత్తి, తీగ మీద ఆరేసింది ఓఫెలియా సోరియా. సాయంత్రానికి అది ఎనభై నాలుగు నాటి పాత పేపరులా కనబడాలి. బ్యూనస్ ఎయిరిస్ టీవీ స్టూడియోలో ముప్పై ఏళ్ళుగా ఇలా ఉత్తుత్తి కాగితాలు తయారుచేయడమే ఆమె పని. గోళ్ళకు పట్టిన గోధుమరంగు ఏ సబ్బుకూ లొంగదు.

ఇప్పుడు తీస్తున్నది ఓ వింత సీరియల్. అందులో మాల్వినాస్ దీవుల కోసం ఎనభై రెండులో ఇంగ్లీషువాళ్ళతో జరిగిన యుద్ధం అసలు జరగనే లేదట. జరగకపోతే దేశం ఎలా ఉండేదో చెప్పడమే కథ. దానికి రచయితలెందుకో! కొడుకులు పోయిన ఇళ్ళల్లో రోజూ నడిచే కథే అది.

పేపర్లో పెద్ద అక్షరాలు రచయితలు రాసిస్తారు. చిన్న అక్షరాలు ఎవరూ చదవరు గనక ఓఫెలియాయే ఏదో ఒకటి నింపుతుంది. ఈసారి ఓ మూల పెళ్ళికబురు వేసింది. వరుడు అబెలార్దో సోరియా. వధువు, వాడు చాటుగా చూస్తుండిన రొట్టెల కొట్టు పిల్ల.

తమ్ముడు అబెలార్దో పందొమ్మిదేళ్ళకు సిపాయిగా ఆ దీవులకు వెళ్ళాడు. రాలేదు. శవమూ రాలేదు. మరణపత్రం మీద సంతకానికి సైన్యంవాళ్ళు మూడుసార్లు వస్తే, తల్లి మూడుసార్లూ మాతే ఇచ్చి సాగనంపింది. "కళ్ళతో చూడందే పెట్టను" అంది. ఆవిడ పోయాక ఆ మొండితనమే ఓఫెలియాకు ఆస్తిగా వచ్చింది.

పదకొండింటికి మికాయెలా వచ్చింది. తెర మీద కనబడే ప్రతి పేరునూ జల్లెడ పట్టడం ఆ పిల్ల ఉద్యోగం. బతికున్నవాడి పేరు పడితే కోర్టుకెక్కుతాడని కంపెనీకి భయం.

"ఓఫెలియమ్మా, ఎవరీ పెళ్ళికొడుకు? మీ ఇంటిపేరే ఉంది."

"మా తమ్ముడు."

"ఐతే ఓ సంతకం పెట్టి పొమ్మనండి. నిమిషం పని."

"వాడు రాలేడు తల్లీ. ఆ దీవులకు యుద్ధానికి వెళ్ళినవాడు."

"మరి తీసేయాలి కదా. ఆయన సంతకమన్నా ఉండాలి, పోయారని ఇంట్లోవాళ్ళు ఈ ఫారంలో రాసన్నా ఇవ్వాలి. ఈ పేజీ దగ్గరగా తీస్తారట, అక్షరం అక్షరం కనబడుతుంది."

ఓఫెలియా మూలనున్న పెళ్ళికబురు మరోసారి చదువుకుంది. తీసేస్తే వాడికి ఆ కథలో కూడా పెళ్ళి లేదు.

"ఇలా తే" అంది. గడిలో 'మరణించారు' అని రాసింది. తేదీ దగ్గర చెయ్యి ఆగింది. ఎవరు చెప్పారు గనక?

"యుద్ధం ముగిసిన నెల వేయండి, చాలు" అంది మికాయెలా గొంతు తగ్గించి.

వేసింది. సంబంధం దగ్గర 'అక్క' అని రాసి సంతకం పెట్టింది. యుద్ధం ముగిసిన నలభై రెండేళ్ళకు అబెలార్దో చనిపోయాడు.

మికాయెలా అసలు కాగితం తీసుకుని, నకలు ఆమె ముందు పెట్టి వెళ్ళింది. సాయంత్రం ఓఫెలియా కోటు తొడుక్కుంది, సంచీ సర్దుకుంది, లైటు ఆర్పి బస్సుకు వెళ్ళిపోయింది. నకలు బల్ల మీదే ఉండిపోయింది.