పావడాలు ఉతికిన నీళ్లు

పిండి కలిపే బేసిన్‌లో పిల్లల సంక్షేమశాఖ ఆఫీసరమ్మ చేతులు కడుక్కుంది. అంతకుముందే బూట్ల మట్టి దులుపుకున్న చేతులవి.

యూరప్ జిప్సీలైన రోమాల ఇళ్లలో పిండికో బేసిన్, మొహానికో బేసిన్, నడుం కింద కట్టే బట్టలకు వేరే బేసిన్. పాలుతాగే పిల్లలకు తప్ప అందరికీ తెలిసిన సంగతి. ఆ ఇంటి ఇల్లాలు ఇల్కాకు ఒళ్లు మండింది. బేసిన్ ఎత్తి నీళ్లతో సహా వాకిట్లోకి విసిరికొట్టింది.

"చూశారా, మీదకొస్తోంది," అంది ఆఫీసరమ్మ పోలీసుతో. "స్నానాలగది లేదు. ఎక్కడ చూసినా మురికి బేసిన్లే. పిల్లని తీసుకోండి."

ఇల్కా గబుక్కున చంకనెత్తుకున్న రెండేళ్ల కూతురు పిరోష్కాను లాగేశారు. పిల్ల చేతిలోని రొట్టెముక్క గడపలో పడింది. సాక్షిగా నిలబడ్డవాడు గుస్తి, ఆ హంగరీ పట్నంలో రోమాల ప్రతినిధి, ఇల్కాకు వరసకు మరిది. "అవునండీ, ఈ ఇల్లు ఎప్పుడూ ఇంతే," అన్నాడు టై సర్దుకుంటూ. ఆ ఇంటి రొట్టెలు తినే పెరిగాడు వెధవ.

గురువారం విచారణ. అక్కడా గుస్తి అదే మాట చెబితే పిరోష్కా ఇక తల్లికి దక్కదు. రోమా కాని గాజోల ఇంట్లో పెరిగి తల్లి భాషే మరిచిపోతుంది.

సాయంత్రం చేతిపంపు దగ్గర వాడంతా చేరింది.

"అర్జీ పెడదాం. మెత్తగా అడిగితే ఇస్తారేమో," అన్నారు మగాళ్లు.

"మెత్తనోణ్ని చూస్తే మొత్తబుద్ధి!" ఇల్కా అత్త బోరిష్ కసిరింది. "నిరుడు అవతలి వాడలో కవలల్ని ఎత్తుకుపోయారు. మెత్తగానే ఏడ్చాం, ఇచ్చారా? మనకి పనివ్వరు, కుళాయి వెయ్యరు. ఆనక నీళ్లు లేవని మన పిల్లల్నే లాక్కుపోతారు!"

ఇల్కా కళ్లు తుడుచుకుంది. "మనం మురికోళ్లమన్నాడుగా గుస్తి. మురికంటే ఏంటో వాడికి చూపిద్దాం. మన పావడాలు తీసుకురండే."

"వామ్మో, కోడలా! అంతకంటే వాణ్ని చంపెయ్యడం నయమే."

"అందుకేగా అత్తా."

ఆడదాని పావడా ఉతికిన నీళ్లు సోకిన మగాడితో ఏ రోమా కలిసి తినడు. కన్నతల్లి కూడా గిన్నె విడిగా పెడుతుంది. పెద్దలు కూర్చుని శుద్ధి చేసేదాకా వాడు బతికున్న శవమే.

గురువారం ఆఫీసు మెట్ల మీద ఆడవాళ్లు బారులుతీరి పావడాలు ఉతికారు. నురగనీళ్లు మెట్టుమెట్టుకూ జారాయి. పోలీసులు నవ్వుకున్నారు. గుస్తి వచ్చాడు, చూశాడు, కింది మెట్టు ముందే ఆగిపోయాడు.

"రా మరిదీ, ఎక్కు. నువ్వు శుభ్రమైనోడివిగా," అంది ఇల్కా.

"గుస్తి గారూ, నీళ్లేగా!" కిటికీలోంచి కేకేసింది ఆఫీసరమ్మ.

"నీళ్లు కావండీ బాబూ..." గుస్తి రెండడుగులు వెనక్కి వేశాడు.

పోలీసు విసుక్కుని అతన్ని అమాంతం చంకకెత్తుకున్నాడు. పిరోష్కాను ఎత్తుకుపోయిన చేతులే అవి. జనం గొల్లున నవ్వారు. ఇల్కా మాత్రం నవ్వలేదు. నీళ్లోడుతున్న తన పావడాను బేసిన్‌లోంచి తీసి గుస్తి మొహాన కొట్టింది.

గుస్తి కెవ్వుమని కిందపడ్డాడు. "వదినా, నా కొంప ముంచావే! నా పెళ్లాం గడప తొక్కనివ్వదు!"

"నా బిడ్డ గడప దాటినప్పుడు తెలీలేదా? నిన్ను శుద్ధి చెయ్యాల్సింది మా పెద్దలే. ముందు నిజం కక్కు. గట్టిగా!"

"ఆ ఇల్లు శుభ్రమే!" గుస్తి వీధంతా వినపడేలా ఏడ్చాడు. "ఉద్యోగం కోసం అబద్ధమాడాను!"

కిటికీ మూసుకుంది. విచారణ వాయిదా పడింది. పిల్లను ఇవ్వలేదు. ఇల్కా చేతులకు బేడీలు వేసి జీపెక్కించారు. ఆమె కడుపు మంట చల్లారలేదు, చల్లారాలని ఆమెకూ లేదు.

బోరిష్ కోడలి బేసిన్ ముందు కూలబడి ఇంకో పావడా ముంచింది. అప్పుడే బస్సొచ్చి ఆగింది. అవతలి వాడ ఆడవాళ్లు నెత్తిన బేసిన్లతో దిగారు. అందరికంటే ముందు కవలల తల్లి.

"నీళ్లెక్కడ పట్టుకోవాలి?" అని అడిగింది.