పట్టేస్తున్న బోల్టు

అప్పారావు తుపాకీ గొట్టంలోకి ఇత్తడి కడ్డీ దూర్చి, కొసనున్న గుడ్డముక్కని వెనక్కి లాగాడు. తెల్లగానే వచ్చింది. పోయిన శనివారమూ తెల్లగానే వచ్చింది, క్రిస్మస్ నుంచీ తెల్లగానే వస్తోంది. అయినా ఇంకోసారి తోశాడు.

టెక్సాస్‌లో, డాలస్ పక్కనున్న కాపెల్‌లో ఆ తుపాకుల దుకాణం వెనకగదిలో తొమ్మిదేళ్ళుగా ఇదే పని. పాత తుపాకులకి తుప్పు వదిలించి, చెక్కకి అవిసెనూనె పట్టించి, ప్రాణం పోయడం. తుపాకీ తప్ప ఇంకేమీ కాల్చి ఎరగడు. సిగరెట్టు వాసనకే తుమ్ముతాడు. యాభై అయిదేళ్ళు, లావు వేళ్ళు, గోళ్ళ కింద ఆరని నలుపు, కళ్ళజోడు ఒక కాడకి తీగచుట్టు. పెళ్ళి మాటెత్తితే "లోడు చేశానండి, పేల్లేదు" అనేవాడు. 1983 వచ్చేసరికి ఆ మాట ఎత్తేవాళ్ళే లేరు. దుకాణంలో అమెరికావాళ్ళ నోట అతను 'ఆపు'. వారమంతా ఆపు, ఆపు అని పిలిపించుకుంటూ ఆగకుండా పనిచేసేవాడు.

శనివారం పదింటికి మాత్రం వెంకట రమణ గారు వచ్చేవారు. యానాం మనిషి. అది ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న రోజుల్లో వాళ్ళ సైన్యంలో చేరి, వియత్నాంలోని సైగాన్‌లో మోసిన రకం ఫ్రెంచి తుపాకీయే ఇది, పేరు బెర్తియే. కూతురు విద్య దగ్గరుందామని వచ్చి, నిరుడు డాలస్ గన్ షోలో ఇది ఇనప తుక్కులా కనిపిస్తే వదల్లేక కొని, బాగుచేయమని అప్పారావుకిచ్చారు. వచ్చి స్టూలెక్కి "ఎంతవరకొచ్చిందండీ?" అంటే చాలు, రెండు గంటలు ఎదుర్లంక రేవూ, కాకినాడ వీధులూ ఆ నూనె వాసనలోకి వచ్చి కూర్చునేవి. మిగతా ఆరు రోజులూ అతని నోట్లో తెలుగు ఊరికే ఉండేది.

తుపాకీ ఇచ్చేస్తే ఆ రెండు గంటలూ ఇచ్చేసినట్టే. తుప్పు వదిలించే మనిషికి ఆ తప్పు వదిలించుకోవడం చేతకాలేదు.

పదయింది. ఆయన వచ్చి స్టూలెక్కారు.

"బోల్టు ఇంకా పట్టేస్తోందండి," అన్నాడు అప్పారావు, తూటాని లోపలికి తోసే ఆ కడ్డీ మీద చెయ్యేసి, మొహం చూడకుండా.

"ఆయ్! మొన్న స్ప్రింగన్నారు, అటుమొన్న స్క్రూ అన్నారు. నాకంటే దీనికే రోగాలెక్కువున్నాయే!" నవ్వి, మోకాళ్ళు రాసుకున్నారు. "రేపు యానాం ప్రయాణమండి. గుండె సంగతి చూసి, ఇదే ఆఖరి విమానం అన్నాడు డాక్టరు. ఒక్కసారి కాల్చి వెళ్దామనీ..."

అప్పారావు చేతిలో గుడ్డ ఆగింది.

"క్రిస్మస్‌కే అయిపోయిందండి."

"తెలుసండి. జనవరిలో మీరు టీకెళ్ళినప్పుడు బోల్టు లాగి చూశాను. వెన్నలా జారింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఇచ్చేస్తారు కదండీ!"

దుకాణం వెనక మట్టికట్ట, దాని ముందు గురికి ఒక కాగితం. ఆ సైజు తూటాలు దొరక్క అప్పారావే వేరే తూటాల ఇత్తడి తొడుగులు మలిచి తయారుచేసినవి మూడు, ఒక క్లిప్పులో. వెంకట రమణ గారు బల్ల దగ్గర కూర్చుని, చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టి భుజానికీ తుపాకీ మడమకీ మధ్య దోపుకున్నారు. మొదటి రెండూ టెక్సాస్ రాష్ట్రానికి తగిలాయి. మూడోది కాగితానికి తగిలింది.

"ఫర్వాలేదండి, సార్జెంటు తిట్టడు," అన్నారు, భుజం నొక్కుకుంటూ. కళ్ళు మెరుస్తున్నాయి, పొగకో మరి దేనికో.

ముందువైపు విద్య కారు హారను మోగింది. తుపాకీని దుప్పట్లో చుట్టి డిక్కీలో పెట్టారు. "అల్లుడు గోడకి తగిలిస్తాడంటండి. ఉంటానండి మరి."

"మంచిదండి," అన్నాడు అప్పారావు. ఇంకేదో అందామనుకున్నాడు, కారు మలుపు తిరిగింది.

ఖాళీ తూటా తొడుగులు ఏరుదామని దుకాణం వెనక్కి వెళ్ళాడు. బల్ల మీద నాలుగు మడతల చేతిరుమాలు, మధ్యలో తుపాకీ మడమ ఒత్తిన గుంట, ఇంకా లేవకుండా.