తువ్వాలు వేసిన కుర్చీ

మడత మూడు వేళ్ళ వెడల్పు ఉండాలా, నాలుగు వేళ్ళా అన్న దగ్గర మొదలైంది గొడవ.

"మూడు వేళ్ళు పెట్టినావేంది? కుర్చీ వీపు మీద వేస్తే పచ్చంచు బాగా కనపడాల. నాయన ఉన్నప్పటి నుంచీ అంతే," అన్నాడు వెంకటకృష్ణ, ఇస్త్రీ చేసిన తువ్వాలును విప్పి మంచం మీద పడేస్తూ.

"మూడు వేళ్ళు పెట్టినా అంచు కనపడుతుంది కదండీ."

"కనపడుతుందని నీకెట్ల తెలుసు? నువ్వెప్పుడన్నా చూసినావా?"

నిజమే, ప్రసన్న చూడలేదు. మామగారు పోయిన ఆరేళ్ళలో ఆ తువ్వాలును ఎన్నిసార్లు ఉతికిందో, ఎన్నిసార్లు గంజి పెట్టిందో చెప్పగలదు. దాని అంచులో ఎక్కడ దారం తెగిందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. కానీ అది కుర్చీ మీద ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు.

"మగోడు చెప్పినట్టు మడిస్తే అయిపాయె గదా పిల్లా. తువ్వాలు కాడ గూడా వాదనేంది?" వసారాలో గోరుచిక్కుళ్ళు తుంచుతూ అత్తగారు మాలకొండమ్మ అంది. ప్రసన్న ఇస్త్రీపెట్టె మళ్ళీ ప్లగ్గులో పెట్టి, నాలుగు వేళ్ళు కొలిచి మడిచింది. వంటింట్లో పద్దెనిమిది మందికి సరిపడే పప్పు ఉడుకుతోంది.

మార్కాపురంలో పాత నాటకశాలకు నూరేళ్ళు దాటాయి. వాకిలి మీద రాతిలో చెక్కిన సంవత్సరం సున్నం పొరల కింద సగం మునిగిపోయింది. నేలంతా ఈ ఊరి నల్ల పలకరాయి. మొదటి వరసలో ఉన్న టేకు కుర్చీలకు మాత్రం మిగతా ఊరితో సంబంధం లేదు. హాలు కట్టినప్పుడు సాయం చేసిన కుటుంబాల పేర్లు వాటి వీపుల మీద తెల్ల రంగుతో రాసి ఉంటాయి. తండ్రి పోతే కుర్చీ కొడుక్కి వస్తుంది, పేరు మార్చి రాస్తారు. ప్రసన్న మామగారి పేరు రంగనాయకులు. ఆయన కుర్చీ మాత్రం ఇంకా ఆయన పేరుతోనే ఉంది, ఎందుకంటే వెంకటకృష్ణ కమిటీ కార్యదర్శి, కార్యదర్శికి విడిగా వేరే కుర్చీ ఉంది. తండ్రి కుర్చీ ఆ తర్వాతి మగవాడి కోసం ఆగింది. అతను వచ్చేదాకా, ఏ కార్యక్రమం జరిగినా దాని మీద పెద్దాయన తువ్వాలు వేస్తారు. అది వేసి ఉంటే ఎవరూ కూర్చోరు. ఊళ్ళో అది మర్యాద.

ఆ మగవాడు ఈ ఇంట్లో పుట్టలేదు. పుట్టింది యామిని, ఇప్పుడు ఒంగోలులో ఫార్మసీ చదువుతోంది. ఎనిమిదేళ్ళప్పుడు ఆ పిల్ల "తాతా, నీ తర్వాత ఆ కుర్చీలో నేను కూచుంటా" అని అడిగితే పెద్దాయన మీసం నిమురుకుని నవ్వాడు. "నువ్వెందుకమ్మా? నీ మొగుడొస్తాడు గదా, ఆయన కూచుంటాడులే." అందరూ నవ్వారు. వడ్డిస్తున్న ప్రసన్న కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు తన మీదే చిరాకు పుడుతుంది. ఆరోజు గరిటె చేతిలో ఉన్నందుకు నవ్వడం తప్ప ఇంకేమీ తోచలేదు.

నెల కింద వెంకటకృష్ణే చెప్పాడు. కోస్తా నుంచి పెద్ద కంపెనీ వస్తోంది, ఒకే రాత్రి సంగీత నాటకం, దాని వెంటనే బ్యాలే. "ఈసారి నువ్వు గూడా చూద్దువులే," అన్నాడు. ఆ ఒక్క మాటను ప్రసన్న నెల రోజులు దాచుకుంది. కాలేజీలో ఉన్నప్పుడు ఆమె పాడేది. క్లాసులో రేచల్ అనే స్నేహితురాలు ఉండేది, చర్చి పాటల పిల్ల. ఇద్దరూ ఖాళీ గదిలో కిటికీలు మూసుకుని ఒకరి పాటలు ఒకరికి నేర్పుకునేవారు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి పెరట్లో బట్టలారేస్తూ గొంతెత్తితే అత్తగారు గడపలోకొచ్చి, "ఎవురో వచ్చినారనుకున్యా" అని వెళ్ళిపోయింది. తిట్టలేదు. అంతకు మించి ఏమీ అనలేదు. అయినా ఆ తర్వాత ప్రసన్న పాట కుక్కరు కూతకంటే పైకి లేవలేదు.

వారం కింద రెండో కబురు వచ్చింది. కళాకారుల భోజనాలు కార్యదర్శి ఇంట్లో. మొన్న మూడో కబురు వచ్చింది. "పాసులన్నీ అయిపోయినాయి ప్రసన్నా. పైన ఆడోళ్ళ గ్యాలరీలో చెక్కలు పుచ్చినాయని తాళమేసినారు. ఎనకాల గూడా కుర్చీల్లేవు. అయినా నీకు పనుంది గదా. ఫ్లాస్కులో మిరియాల పాలు తీసుకుని గ్రీన్ రూంలోకి రా. పక్కన నిలబడి చూడొచ్చు."

పక్కన నిలబడింది.

రంగస్థలం పక్క నుంచి చూస్తే అరణ్యం గుడ్డ మీద గీసిన చెట్లు. వాటి వెనక వెదురుబొంగులు, ఇసుక డబ్బాలు, చుట్టలు చుట్టిన వైర్లు. కథ నల్లమలదే. వేటకొచ్చిన దేవుడు చెంచుపిల్లను మెచ్చి పెళ్ళాడి ఇంటికి పోతే, ఇంట్లో ఉన్న భార్య తలుపు వేసేస్తుంది. ఆ భార్య వేషం కోటమ్మది. అరవై దాటి ఉంటాయి. ప్రవేశాల మధ్య ఇనప స్టూలు మీద కూర్చుని మోకాలు రెండు చేతులతో పిసుక్కుంటోంది. ప్రసన్న ఫ్లాస్కు మూతలో పాలు పోసి ఇచ్చింది.

"చల్లగుండు తల్లీ. మిరియం బాగా నూరావు," అంది కోటమ్మ ఊదుకుంటూ. "నువ్వు ఇక్కడున్నావేం? వెళ్ళి ముందు కూర్చోకూడదూ?"

"ఇక్కణ్ణుంచి బాగానే కనపడుతోంది పెద్దమ్మా."

"ఏం కనపడుతుంది? పక్క నుంచి చూస్తే అది నాటకం కాదమ్మాయ్, పని. నలభై ఏళ్ళు చూశాను కదా."

ఇంతలో ఆమె వంతు వచ్చింది. మోకాలు పట్టుకున్న ముసలావిడ స్టూలు మీదే ఆగిపోయినట్టు, ఇంకెవరో లేచి వెలుగులోకి నడిచినట్టు అనిపించింది ప్రసన్నకు. హార్మోనియం శ్రుతి పట్టింది. మూసిన తలుపు ఇవతల నిలబడి, అవతల ఉన్న దేవుడికి జవాబు చెబుతూ కోటమ్మ పద్యం ఎత్తుకుంది. ప్రతి చరణానికీ ముందు ఆమె గాలి పీల్చే చప్పుడు ప్రసన్నకు వినిపిస్తోంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకు అది వినపడదు, రాగమే వినపడుతుంది. ఆమె మొహం మాత్రం ప్రసన్నకు కనపడలేదు. కొప్పు, చెవి కమ్మ, చెమటకు తడిసిన రవికె వీపు. హాల్లో ఈలలు, చప్పట్లు, "వన్స్ మోర్" కేకలు. అందరూ దేన్ని చూసి అట్లా అరుస్తున్నారో ఆమెకు తెలియడం లేదు.

తెర సందులోంచి హాలు వైపు చూసింది. మొదటి వరస నిండుగా ఉంది. మధ్యలో ఒక్కటే ఖాళీ. దాని వీపు మీద తెల్ల తువ్వాలు, నాలుగు వేళ్ళ మడత, పచ్చంచు. అంచు బాగా కనపడుతోంది, వెంకటకృష్ణ చెప్పింది నిజమే. అంత మందిలో ఆమెకు తెలిసిన వస్తువు అదొక్కటే. పొద్దున తన చేతి వేడి తగిలిన గుడ్డ ఎదురుగా సుఖంగా కూర్చుని నాటకం చూస్తోంది. తను నిలబడి మూడు గంటలయింది.

నాటకం అయ్యాక బ్యాలేకి తెరలు మారుస్తున్నారు. కోటమ్మ రంగు కడుక్కోకుండానే వచ్చి ప్రసన్న చెయ్యి పట్టుకుంది. "దా. నాకు బ్యాలేలో పని లేదు. పిల్లలు ఎట్లా ఆడతారో నేను కూడా ముందు నుంచి చూడలేదు ఎప్పుడూ." పక్క తలుపులోంచి ఇద్దరూ హాల్లోకి వచ్చారు. కోటమ్మ అటూ ఇటూ చూసి, ఖాళీగా ఉన్న ఒకే ఒక్క కుర్చీ దగ్గరికి సరాసరి నడిచింది. ఎవరో పెద్ద మనసుతో తన కోసమే పెట్టారనుకుంది పాపం. తువ్వాలు తీసి, విప్పి, చెమటా రంగూ కారుతున్న మొహాన్ని గట్టిగా అద్దుకుని తుడుచుకుంది. కూర్చుంది.

వరసంతా ఒక్కసారి కదిలినట్టయింది. ఎవరో "అయ్యో" అన్నారు. వెంకటకృష్ణ సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు. అంతసేపు చప్పట్లు కొట్టించుకున్న మనిషిని లెమ్మని ఎట్లా అంటాడు? కోటమ్మకు ఇవేవీ తెలియవు. కుర్చీలో ఒక పక్కకు జరిగి, పక్కన మిగిలిన చోటును చేత్తో తట్టింది. "రా అమ్మాయ్, వెడల్పుగా ఉంది. ఇద్దరం పడతాం."

ప్రసన్న ఒక అడుగు వేసింది. అప్పుడు వెంకటకృష్ణ ఆమె వైపు చూశాడు. కోపంగా కూడా కాదు. కనుబొమలు కాస్త పైకెత్తి, తల ఇంటి దిక్కు ఊపాడు. సాంబారు వేడి చెయ్యాలి కదా, అన్నట్టు. ఇరవై నాలుగేళ్ళుగా ఆమెకు అర్థమవుతూ వస్తున్న భాష అది. ఫ్లాస్కు చంకలో పెట్టుకుని బయటికి వచ్చేసింది. గజ్జెల చప్పుడు పలకల దుకాణాల మలుపు దాకా వెంట వచ్చింది. మలుపు తిరిగాక అదీ లేదు. వీధిలో తన చెప్పుల చప్పుడు తనకే పరాయిగా వినిపించింది.

భోజనాల దగ్గర కోటమ్మ ఆమె మొహం చూసి మెల్లగా అంది. "నీ చోటేమో అనుకున్నాను తల్లీ. తప్పు చేశానా? రేపు గిద్దలూరు, స్కూలు గ్రౌండులో ఇదే ఆట. వస్తే ఎదురుగా కూర్చో. నీ వైపు చూసి పాడతాను."

మర్నాడు పొద్దున తువ్వాలు చూసి మాలకొండమ్మ ముక్కు చీదింది. "మీ మామ మొకం తుడుచుకున్న గుడ్డ. ఏషాలేసుకునే మనిషి రంగంతా పూసిపాయె. నాయనా కిష్టా, సూడ్రా."

"నువ్వే గదా ఆమెను ఎంటబెట్టుకుని వచ్చినావు," అన్నాడు వెంకటకృష్ణ భార్యతో. "మధ్యాన్నానికి మరక పోవాల. ఆదివారం కమిటీ మీటింగుంది, మళ్ళీ వెయ్యాల."

ప్రసన్న బకెట్టులో నీళ్ళు నింపింది, సబ్బు పొడి వేసింది. తువ్వాలు ముంచబోయి ఆగి, రెండు చేతులతో పరిచి పట్టుకుంది. రెండు కళ్ళ కాటుక, పెదవుల ఎరుపు, నుదుటి కుంకుమ, వాటి వాటి చోట్లలో ఉన్నాయి. రాత్రి కనపడని మొహం. చాలాసేపు చూసింది. తర్వాత తువ్వాలును తీగ మీద ఆరేసి, నీళ్ళను కరివేపాకు చెట్టుకు పోయబోయి, సబ్బు నీళ్ళని గుర్తొచ్చి బాత్రూంలో పారబోసింది. ఫోను తీసింది.

"రేచల్, నేను ప్రసన్నను."

"ఏ ప్రసన్న? ఓయమ్మా, నువ్వా! ఏంది, పొద్దు ఎటు పొడిచింది? బతికే ఉన్నావా మే?" గిద్దలూరులో టీచరు చేస్తున్న రేచల్ గొంతు ఏమీ మారలేదు.

"రాత్రికి మీ ఇంట్లో పండుకుంటానే."

"ఏమన్నా అయిందా?"

"ఏం కాలేదు. నాటకం చూడాల."

మధ్యాహ్నం ముగ్గురికీ కంచాలు పెట్టింది. గోరుచిక్కుడు వేపుడు, మిగిలిన పప్పు, మజ్జిగ. ఎప్పుడూ వాళ్ళు తిన్నాక తినే మనిషి, ఈ రోజు తనూ కంచం పెట్టుకుని కూర్చుంది. వెంకటకృష్ణ గమనించలేదు. మాలకొండమ్మ గమనించి, ఉప్పు అడిగింది. ప్రసన్న లేవలేదు, ఉప్పు గిన్నె చేతికందే దూరంలోనే ఉందని కళ్ళతో చూపించింది.

"తువ్వాలు ఆరిందా?" అడిగాడు వెంకటకృష్ణ.

"ఉతకలేదండీ."

అతను ముద్ద ఆపాడు.

"మూడు గంటల బస్సుకు గిద్దలూరు పోతన్నా. అక్కడ ఇదే నాటకం ఉంది. నిన్న పక్క నుంచి చూసినా, ఈ రోజు ముందు నుంచి చూస్తా. రాత్రికి రేచల్ ఇంట్లో ఉంటా."

"ఒక్కదానివా?" అన్నాడు. ముద్ద మళ్ళీ కలుపుతూ, "మరి రాత్రికి అన్నం?" అన్నాడు.

"బియ్యం డబ్బాలో ఉన్నాయి. మూడు వేళ్ళు నీళ్ళు పెట్టండి, నాలుగు పెడితే మెత్తగయిపోతుంది."

"ఇదేం ఇడ్డూరమే పిల్లా! ఆటలు సూసేదానికి ఊరు దాటి పోతారా సంసారులు?" మాలకొండమ్మ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

ప్రసన్న మజ్జిగ పోసుకుని నెమ్మదిగా కలుపుకుంది.

"పోనీ, నాయన తువ్వాలన్నా ఉతికిపెట్టి పో," అన్నాడు వెంకటకృష్ణ, ఇంకేదీ దొరకనట్టు.

"అది నా సంచిలో పెట్టుకున్యానండీ," అంది ప్రసన్న. "అక్కడ మధ్యలో మంచినీళ్ళకని లేస్తే, ఆ కుర్చీ నాదని నలుగురికీ తెలవాల గదా."