రేకుల కొట్టం

"వాసన రాకూడదు. కానీ పేడతో అలికినట్టు కనబడాలి," అన్నాడు మా ఆయన గుమ్మంలో నిలబడి. నేను మోకాళ్ళ మీద ఉన్నాను, మోచేతుల దాకా పేడ. ఢిల్లీ నుంచీ బెంగళూరు నుంచీ వచ్చేవాళ్ళకు పేడ కావాలి, పేడ వాసన అక్కర్లేదు. అందుకని పేడలో ఎర్రమట్టీ దేవదారు పొట్టూ కలిపి, గుప్పెడు పుదీనా నలిపి వేసి అలుకుతున్నాను. ఈ ఉపాయం కనిపెట్టింది నేనే. గెస్టులతో మాత్రం "ఇది మా తాతల నాటి పద్ధతండీ" అంటాడాయన. ఆయన తాత ఏనాడైనా చీపురు పట్టుకున్నాడా అని అడగాలనిపిస్తుంది. అడగను.

ఈ గదిని ఖుడ్ అంటాం. రాళ్ళూ దుంగలూ పేర్చి కట్టిన మా కొండ ఇళ్ళలో కింద ఖుడ్, అందులో ఆవులు. దాని పైన మనుషులు. అన్నిటికన్నా పైన వంటగది, దేవుడి గూడు. బయట చేరినప్పుడు ఆడవాళ్ళం ఆ పైనుంచి ఆవుల దగ్గరికి దిగిపోతాం. ఇప్పుడు గెస్టుల మంచం వేసిన మూల నా మూల. ఎర్రావు తోక మొహాన కొట్టేది, గోడల నుంచి చలి కారేది. ఇష్టంగా ఉన్నానని చెప్పను గానీ, భయం మాత్రం ఉండేది కాదు. నెత్తిమీద చెక్కల సందుల్లోంచి అత్తయ్య దగ్గూ, మా అమ్మాయి ఆంచల్ పాఠం వల్లెవేసే గొంతూ వినబడేవి. ఇంటికి అంటరానిదాన్నయినా ఇంట్లోనే ఉన్నాననిపించేది.

ఖుడ్‌ని బాగుచేసి అద్దెకిస్తే మట్టిగదికి మహా గిరాకీ అని ఎవరో మా ఆయన చెవిలో వేశారు. దేవుణ్ణి అడగకుండా గోడకు మేకైనా కొట్టని ఊరు మాది. గూర్‌ని పిలిపించారు. ఆయన ఒంటిమీదికి దేవుడు వచ్చి, జుట్టు విరబోసుకుని ఊగి ఊగి, సరే అన్నాడు, ఒక మేకపోతును అడిగాడు. ఇక ఆవుల్ని ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఇంటిల్లిపాదీ కూర్చుని రెండు హుక్కాలు తాగేదాకా మాట్లాడుకున్నారు. మరి నేనెక్కడ పడుకోవాలన్నది ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తు చేస్తే మా ఆయన నవ్వాడు. "ఆవులెక్కడుంటే నువ్వూ అక్కడే. కొత్తగా ఏముంది ఇందులో?"

కొత్తది రేకుల కొట్టం. యాపిల్ తోట చివర, బాన్ చెట్ల అడవి మొదలయ్యే చోట వేశారు. అక్కడినుంచి అరిస్తే ఇంటిదాకా వినపడదు. మొదటిసారి పడుకున్నప్పుడే నాకు తెలిసిపోయింది. నెమరు వేస్తున్న ఆవులు ఉన్నట్టుండి ఆపేశాయి. మూడింటి దవడలూ ఒక్కసారే ఆగిపోయాయి. రేకు అవతల ఏదో గోకింది, ఆగింది, మళ్ళీ గోకింది. ఊపిరి వినబడింది, నాది కాదు, ఆవులదీ కాదు. ఒంటికి చుట్టుకున్న ఉన్ని పట్టూ నోట్లో కుక్కుకుని తెల్లవారేదాకా కూర్చున్నాను. ఆ వారంలోనే పక్కింటి తిలకూ వాళ్ళ కుక్కని చిరుత ఎత్తుకుపోయింది. మా ఆయనతో చెబితే, "అది దూడ కోసం వస్తుంది గానీ నీ కోసం కాదులే. నిన్ను తిని అదేం బతుకుతుంది?" అన్నాడు. పక్కనున్న ఆయన తమ్ముడు పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత పుడుతుంది. అప్పట్నించీ నెలంతా నాకు ఆ రోజుల చుట్టూనే తిరుగుతుంది. నడుము లాగడం మొదలైతే చాలు, ముందు చెవులు రిక్కించుకుంటాయి.

గెస్టులు మాత్రం మమ్మల్ని చూసి మురిసిపోతారు. సాయంత్రం చలి కాచుకునే తందూరు పొయ్యి చుట్టూ కూర్చోబెట్టి మా ఆయన చెబుతాడు, "మేం ప్లాస్టిక్ వాడం. మేం ఊటనీళ్ళే తాగుతాం. మేం అడవి నుంచి ఎండాకు తెచ్చి పశువుల కింద పరుస్తాం, అదే ఎరువవుతుంది. మేం ప్రకృతి నుంచి దేన్నీ వృథా పోనివ్వం." ఊటనీళ్ళు మోసే మెడ నాది. ఎండాకు తట్ట కింద వంగిన వీపు నాది. ఆ 'మేం'లో నేనెక్కడున్నానా అని ఆవిరి మీద ఉడికించే సిడ్డు రొట్టె ముద్దలో అక్రోటు పొడి కూరుతూ వెతుక్కుంటాను. "భాభీ చేతి రుచి" అని వాళ్ళు వేళ్ళు నాకితే, ఆయన నా వంక చూసి, "ఏదో చేస్తుందిలెండి, ఖాళీగా కూర్చోలేదు" అంటాడు.

పోయిన నెల నందిత అని బెంగళూరు అమ్మాయి ఖుడ్‌లో దిగింది. మంచి పిల్ల. ఒక పొద్దున మెట్లెక్కి నేరుగా వంటగదిలోకి వచ్చి, "దీదీ, కాస్త వేడినీళ్ళ సీసా ఇస్తారా? డేట్ వచ్చేసింది, కడుపులో నొప్పి" అంటూ తందూరు పక్కన, దేవుడి గూటి కిందే చతికిలబడింది. నా చేతిలో గరిటె ఆగిపోయింది. అత్తయ్య వింది. విని, ఆ పిల్ల పళ్ళెంలో సిడ్డు పెట్టి, నెయ్యి ఇంకాస్త పోసింది. తరవాత నేను చెవిలో చెబితే కసురుకుంది. "నాకు చెవుడేం లేదు. వాళ్ళు అతిథులే. అతిథులకి మన దేవుడి లెక్కలు ఉండవు."

నాకు దేవుడంటే భయం. అబద్ధమెందుకు. ఆ రోజు నుంచీ ఆకాశం వంక చూస్తూనే ఉన్నాను, వడగళ్ళు పడి యాపిల్ పిందెలన్నీ రాలిపోతాయని. పాలు విరిగిపోతాయని. అత్తయ్యకు రోగమొస్తుందని. ఏదీ కాలేదు. కాయలు ఎప్పటిలాగే ఎర్రబడుతున్నాయి. అయినా నా భయం పోలేదు, నా భయానికి రుజువులతో పనిలేదు.

ఇవాళ మధ్యాహ్నం ఆంచల్ బడి నుంచి స్వెటర్ నడుముకు కట్టుకుని వచ్చింది. చలిలో స్వెటర్ విప్పే పిల్ల కాదు. ఊటదగ్గరికి లాక్కెళ్ళి అడిగితే తలొంచుకుంది. దాని చెంపలు పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. పొద్దున గడ్డి వేయడానికి వెళ్ళినప్పుడు కొట్టం వెనక తడిమట్టిలో చూశాను, నా అరచేయంత అడుగులు. రేకు వంగిన సందు దాకా వచ్చి తిరిగివెళ్ళాయి. "ఎవరికీ చెప్పకు" అన్నాను పిల్లతో. కానీ మా ఇంట్లో అత్తయ్య కళ్ళు కప్పిందెవరు? మేం మెట్లెక్కేసరికి కంబళీ చుట్ట గడప మీద సిద్ధంగా ఉంది.

"పొద్దు గూకక ముందే తీసుకెళ్ళు. మొదటిసారి కదా, నువ్వు తోడు పడుకో," అంది అత్తయ్య.

"అత్తయ్యా, అక్కడ అడుగులు చూశాను. పొద్దున్నే."

"నేను పడుకోలేదూ? మీ ఆయన్ని ఖుడ్‌లోనే కన్నాను."

"ఖుడ్‌లో కన్నారు. రేకుల కింద కాదు."

మా ఆయన గొంతు తగ్గించి, "గెస్టులున్నారు ఖిమీ. గొడవ చేయకు. వాళ్ళొచ్చిందే మన సంస్కృతి చూడ్డానికి," అన్నాడు.

"పంపించవే. ఎంత ముద్దుచేసినా ఆడపిల్ల పుట్టింటికి అతిథే, రేపు అత్తారింట్లో మనల్ని మాటంటారు," అంది అత్తయ్య. ఇది ఆంచల్ పుట్టినప్పటి నుంచీ ఆవిడ అనే మాటే. నేను కంబళీ ఎత్తుకున్నాను. ఇన్నేళ్ళ అలవాటు, కాళ్ళు వాటంతటవే మెట్లు దిగాయి.

తోటలో చీకటి పలచగా దిగుతోంది. ఆంచల్ నా పట్టూ కొంగు పట్టుకుని నడుస్తోంది. సగం దూరం వెళ్ళేసరికి కొట్టంలో ఎర్రావు ఒక్కసారి అరిచి, చప్పున ఆపేసింది. అడవి వైపు పిట్టలు కూడా నోరు మూసుకున్నాయి. నేను ఆగిపోయాను.

"అమ్మా, నీకు భయం వెయ్యదా ఇక్కడ?"

వెయ్యదమ్మా అని చెప్పాలి. మా అమ్మ నాకు అలాగే చెప్పింది. వాళ్ళమ్మ ఆవిడకి అలాగే చెప్పి ఉంటుంది. నోరు తెరిచాను, ఆ మాట రాలేదు.

"వేస్తుంది," అన్నాను. "ప్రతిసారీ వేస్తుంది. పద, వెనక్కి."

పరుగెత్తలేదు, పరుగెత్తితే వెంటపడుతుందంటారు. పిల్లని ముందు నడిపించి నేను వెనక నడిచాను. వీపంతా కళ్ళయిపోయింది. మెట్లెక్కి వంటగదిలోకి వెళ్ళేసరికి గెస్టులు తందూరు చుట్టూ కూర్చుని ఉన్నారు, మా ఆయన ఏదో చెబుతూ మధ్యలో ఆపేశాడు. నేనెవరి వంకా చూడలేదు. దేవుడి గూటి కింద, అప్పుడు నందిత కూర్చున్న చోటే, కంబళీ పరిచి ఆంచల్‌ని కూర్చోబెట్టాను.

అత్తయ్య మొహం పాలిపోయింది. కోపం కాదది, నా భయం లాంటి భయమే. దగ్గరికి వచ్చి, గెస్టులకు వినబడకుండా, "దేవుడికి ఏం చెబుతావే?" అంది.

"మీ మాటే చెబుతాను అత్తయ్యా. ఆడపిల్ల ఇంటికి అతిథి. అతిథులకి దేవుడి లెక్కలు ఉండవు."

ఆవిడ పిల్ల వంక చూడలేదు. కిందినుంచి చలిగాలి తగులుతుంటే నేనే వెళ్ళి తలుపు మూసి గడియ పెట్టాను. తిరిగేసరికి ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"దాని సంగతి సరే. వచ్చే వారం నీ సంగతేంటి? నువ్వు అతిథివి కావుగా."

"కాను అత్తయ్యా," అన్నాను. "నేనీ ఇంటిదాన్ని. అందుకే నేనూ ఎక్కడికీ పోను."